పది యూనిట్ల సంగతి ఎవరు చెప్పారు?

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఎప్పుడూ నమ్మలేదు. మా అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కడితే, ఆమె బస్సెక్కగానే విప్పి డబ్బాలో పడేసేదాన్ని. పాప ఏడుస్తుంటే ఇరుగుపొరుగు దిష్టి అంటారు, నేను థర్మామీటర్ తెస్తాను. అలాగని నాకు భయాలు లేవని కాదు. పాప రెండుసార్లు దగ్గితే ఇక ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. కానీ నా భయాలన్నీ జబ్బుల గురించే. చనిపోయినవాళ్ల గురించి ఎన్నడూ భయపడలేదు.

అయినా నిరుడు నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో జరిగినదానికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. అత్తయ్యా పాపా పడుకున్నాక వంటింట్లో కూర్చొని ఇది రాస్తున్నాను. ఇందులో వింత కొంచెమే, నా తప్పే ఎక్కువ. ఆ తప్పు దాచిపెట్టి వింత ఒక్కటే చెప్పడం కుదరదు. అందుకే ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

మాది రాజుపాలెం. మేము నూర్‌బాషాలం, ఊళ్లో దూదేకులవాళ్లంటారు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మా మామయ్య దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయి అప్పటికి మూడేళ్లయింది. మా ఆయన మౌలాలి దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, అక్కడే గది తీసుకొని ఉంటాడు, వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేను, అత్తయ్య, నాలుగేళ్ల మా పాప ఆఫ్రీన్.

అత్తయ్యకు పన్నెండేళ్లుగా షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి. ఆమెకు చూపు సరిగా ఆనదు కాబట్టి ఇన్సులిన్ పెన్ను తిప్పి యూనిట్లు పెట్టేది, సూది వేసేది నేనే. పొద్దున పదహారు, రాత్రి పన్నెండు.

రంజాన్ నెలలో ఈ అంకెలు మారతాయి. ఒక్కపొద్దులు ఉండొద్దని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య వినదు. చివరికి ఆయనే విసిగి, ఉంటే ఇలా ఉండమ్మా అని ఒక పద్ధతి రాసిచ్చాడు. తెల్లవారుజామున సహరీ తినే ముందు ఎనిమిది యూనిట్లు, సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు పదహారు. నేను కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ప్రతి రంజాన్‌లో ఆ ఎనిమిది నా చేత్తోనే వేశాను. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ ధైర్యమే నన్ను ముంచింది.

నిరుడు అత్తయ్యకు కడుపు పైభాగంలో మంట మొదలైంది. తిన్నది ఇమడదు. రెండు నెలల్లో జాకెట్లన్నీ వదులయ్యాయి. నరసరావుపేట డాక్టరు చూసి ఎండోస్కోపీ చేయాలన్నాడు. గొంతులోంచి గొట్టం వేసి కడుపు లోపల చూస్తారు, పరగడుపున రావాలి. ఏ పుండో, ఇంకేదైనానో ఆ పరీక్షలోనే తెలుస్తుందన్నాడు. ఆ ‘ఇంకేదైనా’ అన్న మాట దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు పరీక్ష జరగలేదు. పొద్దున తినదు కదా అని నేనే ముందురోజు రాత్రి ఇన్సులిన్ మొత్తం మానేయించాను. ఆసుపత్రిలో చూస్తే షుగరు మూడు వందల నలభై. ఇంత షుగరుతో చేయలేమని వెనక్కి పంపేశారు. ఇంకో పదకొండు రోజులకు తేదీ ఇచ్చారు. ఆ పదకొండు రోజులూ అత్తయ్య మంటతో ముడుచుకొని పడుకుంటే, చూస్తూ లోపల లోపల కుమిలిపోయాను.

వెనక్కి పంపిన రోజునే కొత్త తేదీ రాసిస్తూ, ఈసారి ఏం చేయాలో సిస్టర్ వివరంగా చెప్పబోయింది. నేను మధ్యలో అందుకున్నాను. మాకు ఒక్కపొద్దులు అలవాటే, ముప్పై రోజులూ ఉంటుంది, సూది ఎంత వేయాలో నాకు తెలుసు అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. వెనక చాలామంది నిలబడి ఉన్నారు. సరేనమ్మా, ఇందులో అంతా ఉంది చదువుకో అని ఒక కాగితం చేతిలో పెట్టింది.

కాగితం ముందువైపు ఇంగ్లీషు. రాత్రి పది తర్వాత ఏమీ తినకూడదు, పాత రిపోర్టులు తేవాలి, తోడు ఒకరు రావాలి అని ఉంది. వెనకవైపు తెలుగు. అదే సంగతి తెలుగులో వేసి ఉంటారులే అనుకున్నాను. బీకాం చదివినదాన్ని, ఇంగ్లీషు చదివాక తెలుగు చదవడం ఎందుకనిపించింది. మడిచి ఫైల్లో పెట్టాను.

పరీక్ష రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. అత్తయ్య అప్పటికే లేచి మంచం మీద కూర్చొని ఉంది. షుగర్ చూస్తే నూట ఎనభై ఆరు. నిజానికి అది భయపడాల్సిన అంకె కాదు. కానీ నా కళ్లముందు ఆ మూడు వందల నలభై ఉంది. తొమ్మిదింటికల్లా మళ్లీ పెరుగుతుందేమో, మళ్లీ వెనక్కి పంపుతారేమో. మౌలాలికి ఈసారి సెలవు కూడా దొరకలేదు, మేమే వెళ్లాలి.

పెన్ను తీశాను.

“ఎంత ఏస్తన్నావే?” అని అడిగింది అత్తయ్య.

“సహరీకి వేసేదే అత్తా” అన్నాను.

ఎనిమిది దాకా తిప్పాను. ఒక్క క్షణం ఆగి, ఇంకో రెండు తిప్పాను. పది. ఆ రెండు ఎక్కువ వేసిన సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయం అనుకోలేదు. రోజూ వేసేది పదహారు కదా, పదికి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒక్కపొద్దు రోజు ఆ సూది వెనకాలే ఆమె కడుపునిండా అన్నమో రొట్టెలో తింటుందన్న సంగతి నాకు ఆ పొద్దున తట్టలేదు. ఇన్నేళ్లుగా సూది వేసి వెంటనే కంచం పెట్టిందీ నేనే. అయినా తట్టలేదు.

“నీళ్లన్నా తాగొచ్చా?” అంది. వద్దన్నాను. సరేనంది. ఒక్కపొద్దు అంటే ఆమెకు ఉమ్మి మింగడానికి కూడా సంకోచమే.

ఆరున్నర బస్సుకు బయల్దేరాం. పాపను ఎవరి దగ్గరా వదల్లేక వెంట తీసుకెళ్లాను. సీటు దొరికాక, రిపోర్టులన్నీ ఉన్నాయో లేదో చూద్దామని ఫైలు తెరిచాను. కాగితం వెనకవైపు పైకి ఉంది. ఊరికే చదివాను. ‘పరీక్ష రోజు ఉదయం ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వేసుకోకూడదు. పొరపాటున వేసుకుంటే రాగానే సిబ్బందికి చెప్పాలి. వణుకు, చెమట, మగత అనిపిస్తే ఆలస్యం చేయకుండా చెప్పాలి.’ అచ్చంగా ఇవే మాటలు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

మళ్లీ మొదటినుంచి చదివాను. అత్తయ్య కిటికీ పక్కన కూర్చొని, పాపను ఒళ్లో పెట్టుకొని మిరపతోటలు చూపిస్తోంది. బాగానే ఉంది. వెళ్లగానే చెప్పేద్దాం అనుకున్నాను. దేవుడి సాక్షిగా, బస్సులో ఉన్నంతసేపూ అదే అనుకున్నాను.

ఆసుపత్రిలో సిస్టర్ బల్ల దగ్గర మా ముందు గురజాల నుంచి వచ్చిన ఒకతను వాళ్ల నాన్నతో నిలబడ్డాడు. ఆ పెద్దాయన పొద్దున టీ తాగి మాత్ర వేసుకున్నాడట. సిస్టర్ అతన్ని గట్టిగానే మందలించి, వారం తర్వాత రమ్మని కాగితం చేతికిచ్చేసింది. ఆ పెద్దాయన ఏమీ అర్థంకానట్టు కొడుకు వెనకాల నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత మా వంతు.

“పొద్దున ఇన్సులిన్ ఏమన్నా వేశారా?” అని అడిగింది సిస్టర్, తల ఎత్తకుండానే.

“లేదు సిస్టర్” అన్నాను.

అత్తయ్య నా పక్కనే ఉంది. నా భుజం పట్టుకొని నిలబడి ఉంది. ఆ చెయ్యి కొద్దిగా బిగుసుకోవడం నాకు తెలిసింది. ఆమె నా వైపు చూసింది, ఏమీ అనలేదు. కోడలికి చదువుంది, ఏదో ఆలోచించే చెప్పి ఉంటుంది అనుకుందని తర్వాత నాతో అంది.

వేలు గుచ్చి షుగర్ చూశారు. నూట పద్దెనిమిది. బాగుందమ్మా, మీది ఆరో నంబరు, కూర్చోండి అంది సిస్టర్. ఆ అంకె చూసి పరీక్ష పాసైనంత సంతోషపడ్డాను. మూడు గంటల్లో నూట ఎనభై ఆరు నుంచి నూట పద్దెనిమిదికి వచ్చిందంటే ఇంకా దిగుతూనే ఉంటుందన్న ఆలోచన రాలేదు. రాలేదా, రానివ్వలేదా, చెప్పలేను.

డాక్టరు ఏదో అత్యవసర కేసులో ఉన్నాడన్నారు. ఎనిమిదిన్నర దాటింది, తొమ్మిది అవుతోంది. పాప ఆకలని గొడవ మొదలుపెట్టింది. మాలో ఒక్కపొద్దు ఉన్నవాళ్ల ముందు తినరు, పసిపిల్లలకైనా చాటుకు తీసుకెళ్లి పెడతారు. అత్తయ్యే చెప్పింది.

“దాన్ని బయటికి తీసకపోయి పెట్టే. ఈడ అందరూ మాడే కడుపుల్తో కూచోనుండారు, పాపం.”

అప్పటికే ఆమె గొంతు కొద్దిగా మందంగా ఉందని ఇప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు నిద్ర చాలకేమో అనుకున్నాను.

నా సంచిలో పాప కోసం తెచ్చిన బిస్కెట్లున్నాయి, ఒక మామిడిరసం డబ్బా ఉంది. వాటిని అత్తయ్యకు కనిపించకుండా కొంగు చాటున పెట్టుకొని మరీ బయటికి తీసుకెళ్లాను. ఆ నిమిషంలో ఆమెకు కావలసింది అదే. అది నా కొంగు కింద ఉంది.

బయట గోడ పక్కన పాప ఒక్కో బిస్కెట్టూ కొరుకుతూ, చీమలకు పెడుతూ కాలం గడిపింది. నేను మౌలాలికి ఫోన్ చేశాను. షుగర్ నూట పద్దెనిమిది వచ్చింది, ఈసారి పరీక్ష అయిపోతుందిలే అని చెప్పాను. ఇన్సులిన్ మాట ఎత్తలేదు. ఆ ఫోనూ పాప తిండీ కలిపి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది.

తిరిగి హాల్లోకి వచ్చేసరికి మా బెంచీ చుట్టూ మనుషులున్నారు. అత్తయ్య తల పక్కకి వాలిపోయి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, కానీ చూడటం లేదు. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. సిస్టర్ అప్పటికే వేలు గుచ్చి చూస్తోంది. ముప్పై ఎనిమిది అంది. వార్డు ఆయా స్ట్రెచర్ తెచ్చింది. సిస్టర్ ట్రేలో సూది, పెద్ద గ్లూకోజ్ సిరంజి ముందే సిద్ధంగా ఉన్నాయి.

నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తూ, నా ముఖం చూడకుండానే అంది.

“పది యూనిట్లు వేసి, వేయలేదని చెప్తావా? చదువుకున్నదానివే కదమ్మా.”

తప్పు బయటపడినందుకు సిగ్గుపడ్డాను తప్ప, పది అని ఈమెకెలా తెలుసు అన్న ప్రశ్న అప్పుడు పుట్టలేదు. అత్తయ్య చేయి పట్టుకొని నిలబడ్డాను. ఆ చేయి పిండిన గుడ్డలా ఉంది. ఆమె ఇక లేవదేమో, మౌలాలికి ఏమని చెప్పాలి అన్నది ఒక్కటే నా బుర్రలో తిరిగింది. పాప నా చీర పట్టుకొని ‘నాయనమ్మ ఎందుకట్టా చూస్తంది’ అని అడుగుతూనే ఉంది.

పది నిమిషాలకు ఆమె కళ్లు కదిలాయి. ఇంకాసేపటికి మనిషిని గుర్తుపట్టింది. మొదటి మాట నాకు బాగా గుర్తు.

“ఆఫ్రీన్ తిన్నదా?” అంది.

ఆ రోజు ఎండోస్కోపీ లేదు. డాక్టరు వచ్చి చూసి, సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలన్నాడు. గంటకోసారి షుగర్ చూశారు. ఇంకో అరగంట ఎవరూ గమనించకుండా ఉంటే మీ అత్తగారు దక్కేది కాదమ్మా అని నాకు నెమ్మదిగానే చెప్పాడు. అరిచి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోతుంటే సిస్టర్ దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడిగాను. నాతో కాదమ్మా, మీ పెద్దాయనకు చెప్పుకో, ఆయన రాకపోతే నేను ఇటు చూసేదాన్నే కాదు అంది.

ఏ పెద్దాయన అన్నాను.

ఆమె చెప్పింది నాకు గుర్తున్నంతవరకు మార్చకుండా రాస్తున్నాను. తొమ్మిది దాటాక బల్ల దగ్గర రాసుకుంటోందట. సన్నగా, పొట్టిగా ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడట. గళ్ల లుంగీ, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. ఆరో నంబరామెను చూపించాడట.

“‘దానికి పొద్దున పది యూనిట్లు ఏశారమ్మా. పిల్ల భయపడి నీతో చెప్పలా. ముసల్ది పడిపోతంది, పోయి చూడు’ అన్నాడు. అనేసి దగ్గుకుంటా మెట్లవైపు పోయాడు. మీతో వచ్చిన మనిషే కదా అనుకున్నా.”

మాతో మగవాళ్లెవరూ రాలేదన్నాను. నేను ఇంకా ఏదో దాస్తున్నానని ఆమె అనుకుంది, నవ్వింది. ఇంకేమైనా గుర్తుందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, కనుబొమ్మల నిండా దూది పోగులు అంటుకొని ఉన్నాయంది. ఆసుపత్రిలో దూదికి తక్కువేంటి, ఎక్కడో అంటించుకున్నాడు అనుకుందట.

మా మామయ్య పని ముగించి లేస్తే ఆయన తల, మీసం, కనుబొమ్మలు అన్నీ తెల్లగా ఉండేవి. ఎంత దులిపినా కనుబొమ్మల్లోది పోయేది కాదు. ఆ దూది ధూళి ఊపిరితిత్తుల్లో చేరి, ఆ దగ్గుతోనే ఆయన పోయాడు.

నా ఫోన్లో మా పెళ్లి ఫోటో ఉంది. అందులో ఆయన్ని చూపించాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. ఇట్టాగే ఉన్నాడు, కానీ ఇతనే అని ఖచ్చితంగా చెప్పలేను, పొద్దున ఎంతమందినని చూస్తాం అంది. ఆమె చెప్పింది అంతే. నేను దానికి ఒక్క మాట కూడా కలపడం లేదు.

నమ్మని మనిషిని కాబట్టి వెతకాల్సినవన్నీ వెతికాను. బయట కాపలా మనిషిని అడిగాను, అలాంటాయన్ని చూడలేదన్నాడు. చూసినా గుర్తుండదని కూడా అన్నాడు. మా ఎదురు బెంచీలో కూర్చున్నామె సిస్టర్ ట్రే పట్టుకొని నేరుగా అత్తయ్య దగ్గరికి రావడం చూసింది, ముసలాయన్ని గమనించలేదు. కెమెరా ఒకటుంది, అది ఫీజు కట్టే కిటికీ వైపు తిరిగి ఉంది.

అత్తయ్యే మగతలో పక్కవాళ్లతో అని ఉంటుంది, అందులో ఎవరో వెళ్లి చెప్పి ఉంటారు. నేను పట్టుకున్న మొదటి కారణం అదే. కానీ అత్తయ్యకు తెలిసింది ఎనిమిది. సిస్టర్ నా ముఖం చూసి ఊహించి ఉంటే, ఫైల్లో ఉన్న పదహారు అనాలి. పది అన్న అంకె నా తలలో తప్ప ఎక్కడా లేదు. నేను ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద రాయలేదు. పెన్ను రాజుపాలెంలో మా ఇంటి ఫ్రిజ్‌లో ఉంది.

సాయంత్రం మౌలాలి ఫోను అందుకొని షిఫ్టు వదిలి పరుగున వచ్చాడు. ముఖమంతా సిమెంటు దుమ్ము, చెమట చారలు.

“ఎవరేసింది ఇన్సులిన్?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది.

“నేనే ఏసుకున్నారా. ఒక్కపొద్దనుకొని పొరబడ్డా. అది నిద్ర లేవక ముందే ఏసుకున్నా.”

అతను తల్లిని తిట్టాడు. చూపు ఆననిదానివి నీకెందుకు ఆ పెన్ను అని వార్డులో అందరూ వినేలా తిట్టాడు. ఆమె పిల్లలా తలొంచుకొని విన్నది. నేను మంచినీళ్ల సీసా పట్టుకొని పక్కనే నిలబడ్డాను. పొద్దున బల్ల దగ్గర ఒకసారి అబద్ధం చెప్పాను. ఇప్పుడు నోరు మూసుకొని రెండోసారి చెప్పాను. ఆ రెండింటిలో ఏది పెద్దదో నాకు తెలియదు. మౌలాలికి ఈ సంగతి ఈనాటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

పది రోజుల తర్వాత పరీక్ష సవ్యంగా జరిగింది. ఈసారి డాక్టరు చెప్పిన ప్రతి మాటా తెలుగులో రాసుకున్నాను. ముందురోజు రాత్రి డోసు సగం, పొద్దున ఏమీ వద్దు. లేవగానే ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి షుగర్ చూడాలి. దిగిపోతే పరీక్ష సంగతి పక్కనపెట్టి ముందు తీపి ఇవ్వాలి, పరీక్ష ఇంకోరోజు చేసుకోవచ్చు. మొదటి నంబరు మాకే ఇచ్చారు. చదివేవాళ్లకు ఒక మాట: మీ మందులకు మీ డాక్టరు వేరేగా చెబుతాడు, ఇది చూసి చేయకండి. అడిగి చేయండి. చేసిన తప్పు మాత్రం దాచకండి.

కడుపులో ఉన్నది పుండే. మూడు నెలల మందులతో మానింది. ‘ఇంకేదైనా’ కాదు.

అంతా కుదుటపడ్డాక ఒక మధ్యాహ్నం అత్తయ్యకు మొత్తం చెప్పాను. ఎనిమిది కాదు, పది వేశానని చెప్పాను. పోనీలే, వాడికి మాత్రం చెప్పమాక, నా పేరు మీదనే ఉండనీ అంది. ఆ తర్వాత ఆ ముసలాయన గురించి చెప్పాను. అప్పుడు కూరగాయల కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

ఆయన అన్న మాటలు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

“ముసల్ది అన్నాడా? ఆ మాటే అన్నాడా?”

అన్నాడటంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. పద్దెనిమిదేళ్లకు కాపురానికి వస్తే మూడో రోజునే ముసల్దానా అని పిలిచాడట, పేరు పెట్టి పిలిచింది ఎన్నడూ లేదట. నేను కోడలిగా వచ్చాక ఆయన మా ముందు ఆమెను ‘అమ్మాయి వాళ్ల అత్త’ అనేవాడు. ఆ పిలుపు సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ఆ రోజు ఆమె సంతోషంగానే ఉంది. తర్వాత నెమ్మదిగా మారింది. పని చేసుకుంటూ ఉన్నట్టుండి అడిగేది. ఎటు నిలబడ్డాడంట, బెంచీ వైపు తిరిగి చూశాడంటనా, బల్ల నుంచి మన బెంచీకి ఎన్ని అడుగులుంటయ్యి అని. నాకు తెలిసింది చెప్పేదాన్ని. నాలుగు నెలల కింద మామూలు చెకప్‌కు వెళ్లినప్పుడు ఆ సిస్టర్ కనిపిస్తే, అత్తయ్యే ఆమె చేయి పట్టుకొని పక్కకు తీసుకెళ్లింది.

నా దగ్గరికి వచ్చాడా అమ్మా, నేను తెలివిలో లేనప్పుడు పక్కన కూర్చున్నాడా అని అడిగింది. లేదమ్మా, నాకు చెప్పి ఆ పక్కనుంచే మెట్లు దిగి వెళ్లిపోయాడు అంది సిస్టర్.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. సత్తెనపల్లి రోడ్డు దాటాక, కిటికీ బయటికి చూస్తూనే అంది.

“అంత దూరం నుంచి వచ్చినోడు ఆ నాలుగడుగులు నా దాకా రాలేకపోయాడా హసీనా?”

ఆ వచ్చిన మనిషి ఎవరో నాకు తెలియదు. పది అని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నేను ఈనాటికీ నమ్మలేకపోతున్నాను. కానీ ఒకవేళ వచ్చింది ఆయనే అయితే, ఆయనకు దొరికింది ఆ కాసేపే అయితే, భార్య పక్కన కూర్చోవలసిన ఆ కాసేపూ, బల్ల దగ్గర నేను చెప్పాల్సిన మాట చెప్పడానికే సరిపోయింది.